మొదటి పరుగులోనే ఆరు లెంగ్త్‌ల గెలుపు: ఆ ఫిల్లీని ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు గాజువాకలో ఉంటారు. పోయిన నెల పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళినప్పుడు మీ బావమరిది మిమ్మల్ని మలక్‌పేట రేస్‌కోర్సుకి తీసుకెళ్ళాడు. అక్కడ మూడేళ్ళ ఫిల్లీ (వయసులో ఉన్న ఆడ గుర్రం) ఒకటి, జీవితంలో మొదటిసారి పరిగెత్తుతూ, 1200 మీటర్ల రేసుని ఆరు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. అప్పటినుంచి అది మీ మనసులోంచి పోవడం లేదు. అది డెర్బీ (పెద్ద పేరున్న దూరపు రేసు) స్థాయి గుర్రమేనా, విశాఖలో ఉంటూ దాన్ని ఎలా గమనిస్తూ ఉండాలి, బావమరిది అందులో వాటా ఇప్పిస్తానంటున్నాడు తీసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒక్క పరుగు చూసి డెర్బీ గుర్రమో కాదో ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్ళ మాట వినకండి. దానికి వేగం ఉందని మాత్రం తెలిసింది. మిగతాది తెలియాలంటే ఇంకో నాలుగైదు పరుగులు కావాలి. అప్పుడు కూడా ఎన్నోదిగా వచ్చిందన్నదాని కన్నా, పరుగుకీ పరుగుకీ మధ్య ఎన్ని వారాలు గడిచాయి, ఆ వారాల్లో దాని కాళ్ళు ఎలా ఉన్నాయి అన్నదే ఎక్కువ చెప్తుంది. వాటా సంగతి ఇప్పుడే వద్దు. కారణం కింద రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. నేను పశువైద్యుణ్ణి. ఇరవై రెండేళ్ళు రేసు గుర్రాలకే వైద్యం చేశాను. ఎక్కువ భాగం హైదరాబాద్‌లో, కొంతకాలం గుర్రాల్ని పుట్టించి పెంచే ఒక స్టడ్ ఫారంలో. రిటైరయ్యాక సొంత ఊరని విశాఖ వచ్చేశాను. గుర్రాలకి దూరమయ్యాను గానీ రేసు కార్డు (ఏ రేసులో ఏ గుర్రాలు దిగుతున్నాయో రాసి ఉండే పట్టిక) చదివే జబ్బు మాత్రం తగ్గలేదు. నేను జాకీనీ కాదు, ట్రైనర్‌నీ కాదు. కాబట్టి నా కన్ను ముందు కాళ్ళ మీదకే పోతుంది. ఒక ట్రైనర్‌ని అడిగితే ఇదే విషయం ఇంకోలా చెప్తాడు.

ఇక ఆరు లెంగ్త్‌ల సంగతి. లెంగ్త్ అంటే గుర్రం ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉండే పొడవు, సుమారు రెండున్నర మీటర్లు. పూర్తి వేగంలో ఉన్న గుర్రం సెకనుకి ఐదారు లెంగ్త్‌లు దాటుతుంది. అంటే మీరు చూసిన ఆ పెద్ద ఖాళీ గడియారంలో ఒక సెకను. ఆ సెకను ఈ ఫిల్లీ గొప్పతనం వల్ల వచ్చిందా, వెనక ఉన్నవాటి చేతకానితనం వల్ల వచ్చిందా అన్నది అక్కడే నిలబడి చూస్తే తెలియదు.

ఇంతవరకు ఒక్కసారీ గెలవని గుర్రాలకి పెట్టే రేసుల్ని మెయిడెన్ రేసులంటారు. వాటిలో అన్నీ గెలవడానికే దిగవు. కొన్నిటికి రేసు మొదలయ్యే గేటు అలవాటు చెయ్యాలి, కొన్నిటికి గుంపులో పరిగెత్తడం నేర్పాలి. కొన్ని ఇంకా ఒళ్ళు దిగక, పొట్ట వేలాడేసుకుని వస్తాయి. అలాంటి ఎనిమిదింటి మధ్య పూర్తిగా తయారైన పిల్ల ఒకటి ఉంటే అది ఊరికే గెలిచేస్తుంది. మూడు నెలల తర్వాత మిగతావి కూడా తయారవుతాయి. అప్పుడు చూడాలి.

అందుకే నేను గెలిచినదాన్ని కాసేపు పక్కన పెట్టి, రెండో స్థానంలో, మూడో స్థానంలో వచ్చినవాటి పేర్లు రాసుకుంటాను. నెల తర్వాత అవి మళ్ళీ దిగి గెలిస్తే, మీ ఫిల్లీ గెలుపు విలువ ఇంట్లో కూర్చుండగానే పెరుగుతుంది. అవి మళ్ళీ మళ్ళీ ఓడుతుంటే ఆరు లెంగ్త్‌లు రెండు లెంగ్త్‌ల కిందే లెక్క.

ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2010 ఆగస్టు 13న ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఫ్రాంకెల్ అనే కోల్ట్ (వయసులో ఉన్న మగ గుర్రం) మొదటిసారి పరిగెత్తి అర లెంగ్త్ తేడాతో గెలిచింది. అర లెంగ్తేనా అని పెదవి విరవాల్సిన గెలుపే. కానీ రెండో స్థానంలో వచ్చినది నథానియల్. మరుసటి ఏడాది అది యాస్కాట్‌లో కింగ్ జార్జ్ రేసు గెలిచింది. ఫ్రాంకెల్ సంగతంటారా, 14 పరుగులు పరిగెత్తి ఒక్కటీ ఓడకుండా 2012లో రేసుల నుంచి తప్పుకుంది. ఆ రోజు అర లెంగ్త్, మన మెయిడెన్ రేసుల్లో ఎన్నో ఆరు లెంగ్త్‌ల కన్నా బరువైనది.

దీనికి తిరగేసిన కథలూ ఉన్నాయి. సెక్రటేరియట్ అనే గుర్రం 1972 జులై 4న న్యూయార్క్‌లో మొదటి పరుగు పరిగెత్తి నాలుగోదిగా వచ్చింది. గేటు దాటగానే పక్క గుర్రం గుద్దేసింది. మరుసటి ఏడాది అదే గుర్రం బెల్మాంట్ రేసుని 31 లెంగ్త్‌ల తేడాతో గెలిచి ట్రిపుల్ క్రౌన్ (అమెరికాలో మూడు పెద్ద రేసులూ ఒకే ఏడాది గెలవడం) పూర్తి చేసింది. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న సీబిస్కట్ అయితే మొదటి 17 పరుగులూ ఓడింది. మన దేశంలో స్క్వాండరర్ 19 పరుగుల్లో 18, ఎలూసివ్ పింపర్నెల్ 23లో 22 గెలిచాయి. అలాంటివి తరానికి ఒకటి. మనం చూసిన ప్రతి పిల్లా అదే అయ్యుంటుందని అనుకోవడం మనసుకి బాగుంటుంది, లెక్కకి నిలవదు.

సరే, మీరు ఆ రేసు వీడియో మళ్ళీ చూడగలిగితే గుర్రాన్ని కాదు, జాకీ చేతుల్ని చూడండి. చివరి 200 మీటర్లలో చేతులు కదలకుండా పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడా, లేక కొరడా తీసి తోస్తూ వచ్చాడా? గుర్రం చెవులు ముందుకి నిక్కి ఉన్నాయా, వెనక్కి పడుకున్నాయా? చెవులు అటూ ఇటూ తిప్పుకుంటూ, ఎవరొస్తున్నారో చూస్తూ గెలిచిందంటే దానికి ఇంకా శక్తి మిగిలి ఉందన్నమాట. గెలుపు గీత దాటాక కెమెరా కాసేపు తిప్పి ఉంచితే ఇంకా మంచిది. గీత దాటిన వంద మీటర్లలో వెనకవాటికీ దానికీ దూరం పెరుగుతుందా, తరుగుతుందా అన్నది నేను తప్పకుండా చూస్తాను. 1200 మీటర్లు గెలిచిన పిల్ల 1600 పరిగెత్తగలదా అన్నదానికి మొదటి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వయసు.

మన దేశంలో థరోబ్రెడ్‌లన్నిటికీ, అంటే రేసు జాతి గుర్రాలన్నిటికీ, పుట్టినరోజు జనవరి 1. ఎప్పుడు పుట్టినా ఆ రోజుకి ఒక ఏడు పెరిగినట్టు లెక్క. జనవరిలో పుట్టినదీ, మే నెలలో పుట్టినదీ కాగితం మీద ఒకే వయసువి. నిజానికి నాలుగు నెలల తేడా. మూడేళ్ళ పిల్లకి నాలుగు నెలలంటే చాలా ఎక్కువ. కాబట్టి మీ ఫిల్లీ అసలు పుట్టిన తేదీ ఎక్కడైనా దొరికితే రాసుకోండి. ఏప్రిల్ చివరలోనో మేలోనో పుట్టి ఇంత బాగా పరిగెత్తిందంటే నేను కాస్త ఎక్కువ ఆశ పెట్టుకుంటాను. జనవరిలో పుట్టినదైతే, తోటివాటి కన్నా ముందే ఎదిగి ఆ ఎదుగుదలతో గెలిచిందేమో అని ఒక అనుమానం ఉంచుకుంటాను.

గుర్రం ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి పొరలుంటాయి. ముందు కాలి మోకాలి పైన ఉండే పొర గట్టిపడేసరికి రెండు, రెండున్నరేళ్ళు వస్తాయి. వెన్నెముక పూర్తిగా కుదురుకోవడానికి ఐదేళ్ళ దాకా పడుతుంది. అంటే మూడేళ్ళ రేసు గుర్రం పదో తరగతి పిల్లాడిలాంటిది. ఎత్తు వచ్చేసింది, లోపల ఇంకా పని నడుస్తోంది.

పనివల్లే ఎముక గట్టిపడుతుంది, ఊరికే నిలబెడితే గట్టిపడదు. చిక్కంతా మధ్యలో ఉంది. కొత్త బరువుకి తగ్గట్టు మారడానికి శరీరం ముందు పాత ఎముకని కొంత తొలిచి, తర్వాత కొత్తది పోస్తుంది. ఇంట్లో రిపేరుకి గోడ పగలగొట్టినట్టు. పగలగొట్టిన రోజుకీ, మళ్ళీ కట్టిన రోజుకీ మధ్య ఇల్లు బలహీనంగా ఉంటుంది. ఆ వారాల్లో గట్టిగా పరిగెత్తిస్తే ముందు కాలి ఎముక ముందు భాగం వాచి, నొప్పి పెడుతుంది. తబేలాల్లో దీన్ని సోర్ షిన్స్ అంటారు. చిన్న వయసు గుర్రాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన జబ్బు ఇదే. విశ్రాంతి ఇస్తే తగ్గిపోతుంది. ఇవ్వకపోతే చీలిక దాకా పోతుంది.

ఒక కథ చెప్తాను. ఎరుపు మీద బంగారు మెరుపు ఉన్న కోల్ట్ ఒకటి మా చేతుల మీదుగా నడిచింది. మొదటి పరుగు నాలుగు లెంగ్త్‌లు, రెండోది మూడు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. గ్యాలరీ అంతా దాని పేరే. రెండో గెలుపు అయిన వారానికి దాన్ని చూసుకునే సైస్ నా దగ్గరికొచ్చి, "డాక్టర్ సాబ్, రాత్రి దాణా సగమే తిన్నది" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడ్డ సమాచారం ఇలా సైస్‌ల నోటినుంచే వచ్చింది. వెళ్ళి కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుర్రం కాలు లాగేసుకుంది. ఆరు వారాలు ఆపమని రిజిస్టర్‌లో రాశాను.

మూడో వారంలో పెద్ద రేసు ఉంది. ఓనర్ బంధువులందరినీ పిలుచుకున్నాడు. ట్రైనర్ నన్ను అడిగిన ప్రశ్న, "పరిగెత్తగలదా?" అని. నేను "పరిగెత్తగలదు" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, పరిగెత్తగలదు కూడా. కానీ అతను అడగాల్సిన ప్రశ్న అది కాదు, నేను ఇవ్వాల్సిన జవాబూ అది కాదు. గుర్రం ఆరోదిగా వచ్చింది. పది నెలలు మళ్ళీ ట్రాక్ మీద కాలు పెట్టలేదు. తిరిగొచ్చాక కింది క్లాసు రేసుల్లో ఒకటి రెండు గెలిచి సర్దుకుంది. గ్యాలరీలో వాళ్ళు మాత్రం "మొదటి రెండూ గాలివాటం గెలుపులురా" అనుకున్నారు. గాలివాటం కాదు. ఆ మూడు వారాలు ఎవరికీ కనబడలేదు, అంతే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో ఫిల్లీ. ముదురు గోధుమ రంగు, నుదుటి మీద చిన్న చుక్క. మొదటి పరుగులో నాలుగోదిగా, రెండో పరుగులో మూడోదిగా వచ్చింది. తర్వాత నాలుగు నెలలు కార్డులో పేరే లేదు. అందరూ మర్చిపోయారు. దాని యజమానురాలు ఒక పెద్దావిడ. "దానికి ఒళ్ళు రానీండి, నాకేం తొందర లేదు" అని ఫారానికి పంపేసింది. తిరిగొచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు, వీపు అంత నిండుగా వచ్చింది. ఆ సీజన్‌లో వరసగా మూడు గెలిచింది. కార్డులో ఆ నాలుగు నెలల ఖాళీని చూసి "ఏదో దెబ్బ తగిలుంటుంది" అనుకున్నవాళ్ళు దాన్ని మూడుసార్లూ వదిలేశారు.

ఈ రెండిటి నుంచి నేను నేర్చుకున్న లెక్క ఏమిటంటే, చిన్న గుర్రానికి పరుగుకీ పరుగుకీ మధ్య మూడు నాలుగు వారాలు మామూలు. గెలిచిన పది పన్నెండు రోజుల్లోనే మళ్ళీ దించితే నేను నొసలు ముడేస్తాను. రెండు మూడు పరుగుల తర్వాత రెండు నెలలు కనబడకపోతే, ముఖ్యంగా సీజన్ మారే సమయంలో అయితే, అది చాలాసార్లు మంచి సంగతే. పేరు ఇచ్చి చివరి నిమిషంలో తీసేస్తే మాత్రం స్టివార్డ్స్ (రేసుని పర్యవేక్షించే అధికారులు) రిపోర్టు వెతికి చదవండి. కుంటిందా, ముక్కులోంచి నెత్తురు వచ్చిందా, గేటులో మొండికేసిందా అన్నది అక్కడ ఒక వాక్యంలో రాసి ఉంటుంది. పేపర్లో వచ్చే పొగడ్తల పేరాల కన్నా ఆ ఒక్క వాక్యం విలువైనది.

ఫిల్లీ కాబట్టి ఇంకోటి కూడా. ఎదకి వచ్చిన రోజుల్లో కొన్ని ఫిల్లీలు పరుగు మీద మనసు పెట్టవు. ఒక్క చెత్త పరుగు చూసి కొట్టిపారెయ్యకండి. కారణం లేకుండా రెండు వరసగా పడితే అప్పుడు ఆలోచించండి.

మళ్ళీ మలక్‌పేట వెళ్ళినప్పుడు గ్యాలరీలో కన్నా ప్యాడాక్ దగ్గర ఎక్కువసేపు నిలబడండి. అక్కడ గుర్రాలని రేసుకి ముందు గుండ్రంగా నడిపిస్తారు. నడకలో వెనక గిట్ట, ముందు గిట్ట వదిలిన చోటుని దాటి పడాలి. ఎంత దాటితే నడక అంత సాగుతోందని. ఒక కాలు మాత్రం పొట్టిగా వేస్తుంటే అనుమానించాలి. దీన్ని చూడ్డం మొదట్లో కష్టం, ఎందుకంటే ప్యాడాక్‌లో అడుగులు సరిగ్గా కనపడవు.

విశాఖవాళ్ళకి ఇందులో ఒక సదుపాయం ఉంది, నవ్వకండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలున్నాయి కదా. అవి థరోబ్రెడ్‌లు కావు, వేరే జాతులు, పాపం చాలావరకు అలిసిపోయినవి. అయినా కెరటం వెనక్కి పోయాక తడి ఇసక మీద వాటి అడుగులు అచ్చు గుద్దినట్టు పడతాయి. వెనక గిట్ట అచ్చు ముందు దాని మీద పడిందా, వెనక పడిందా, దాటి పడిందా అని సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర్నుంచి అలా నడుస్తూ చూడండి. పది రోజులు చూస్తే మీ కంటికి అలవాటవుతుంది. కొత్తగా చేరిన జూనియర్‌కి నేను ఈ పాఠం చెప్పాలంటే హైదరాబాద్‌లో నీళ్ళు కొట్టిన నేల వెతుక్కోవాల్సొచ్చేది. ఇక్కడ సముద్రమే పలక తుడిచి ఇస్తుంది.

చెమట గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నా. ప్యాడాక్‌లో మెడ మీద కాస్త చెమట పడితే పర్వాలేదు. వెనక తొడల మధ్య తెల్లగా నురగ కట్టి, తోక విసురుతూ, పక్కకి నడుస్తుంటే అది టెన్షన్. రేసు ముందే సగం శక్తి అక్కడ పోతుంది. చిన్నవాటిలో మొదటి రెండు పరుగుల్లో ఇది మామూలే, నాలుగోసారికి కూడా తగ్గకపోతే అది దాని స్వభావం. అసలు చెమటే పట్టని గుర్రాలు ఇంకో రకం. మన విశాఖలాంటి ఉక్కపోత ఉండే చోట్ల కొన్నిటికి చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్ళు వేడెక్కి రొప్పుతాయి. చెన్నైకి పరుగుకి పంపిన గుర్రాల్లో నేను ఇలాంటివి చూశాను. హైదరాబాద్‌లో మెరిసిన గుర్రం తీరం ఊళ్ళో తేలిపోతే ఇదీ ఒక కారణం కావచ్చు.

పేపర్లో వచ్చే పొద్దుటి ట్రాక్‌వర్క్ అంకెల మీద జనానికి ఉన్నంత పిచ్చి నాకు లేదు. 600 మీటర్లు 45 సెకన్లు అంటే మామూలు కసరత్తు. అదే 42, 41 అంటే గట్టిగా పరిగెత్తించారని. కానీ పైన ఎవరు ఎక్కారు? బరువైన రైడింగ్ బాయ్ ఎక్కి 44లో వచ్చినది, తేలికైన జాకీతో 42లో వచ్చినదాని కన్నా మెరుగు కావచ్చు. ఏ ట్రాక్ మీద, లోపలి కంచె పక్కన పరిగెత్తిందా, బయట నుంచి తిరిగిందా, ఇవన్నీ ఉన్నాయి. ఆ అంకెల్లో నేను చూసేది ఒక్కటే: వారం వారం పని క్రమం తప్పకుండా సాగుతోందా? మధ్యలో పది రోజులు పేరు మాయమైతే పుస్తకంలో ప్రశ్న గుర్తు పెట్టుకుంటాను.

బరువు, రేటింగ్ సంగతి తెలిస్తే మీకు రాబోయే నెలలు అర్థమవుతాయి. చిన్నవాటికి పెట్టే టర్మ్స్ రేసుల్లో అన్నీ దాదాపు ఒకే బరువు మోస్తాయి, ఫిల్లీలకి సాధారణంగా కిలోన్నర తగ్గిస్తారు. హ్యాండికాప్ రేసుల్లో అలా కాదు. గెలిచేకొద్దీ హ్యాండికాపర్ (గుర్రాల స్థాయికి అంకె వేసే అధికారి) రేటింగ్ అనే ఆ అంకెని పెంచుతాడు, ఒక్కో పాయింటుకి అరకిలో చొప్పున బరువు పెరుగుతుంది. ఆరు లెంగ్త్‌ల గెలుపుకి రేటింగ్ గట్టిగానే వేస్తారు. కాబట్టి తర్వాతి పరుగులో మీ ఫిల్లీ ఎక్కువ బరువుతో, పై స్థాయి గుర్రాలతో దిగి మూడోదిగా వస్తే అది వెనకడుగు అనుకోకండి. మొదటిదానికన్నా గొప్ప పరుగు అదే అయ్యుండొచ్చు.

డెర్బీ అడిగారు కాబట్టి దూరాలు చెప్పాలి. ఇండియన్ డెర్బీ ముంబై మహాలక్ష్మిలో ఫిబ్రవరి మొదటి ఆదివారం, నాలుగేళ్ళ గుర్రాలకి, 2400 మీటర్లు. దానికి ముందు డిసెంబర్‌లో అక్కడే గినీస్ రేసులు 1600 మీటర్లు. మన హైదరాబాద్‌లో డెక్కన్ డెర్బీ సాధారణంగా అక్టోబరు 2న, గోల్కొండ డెర్బీ శీతాకాలం సీజన్‌లో. 1200 గెలిచిన పిల్ల 2400 దాకా వెళ్ళాలంటే తండ్రి, తల్లి ఎవరో చూడాలి. ముఖ్యంగా తల్లి కడుపున పుట్టిన అన్నలు, అక్కలు ఎంత దూరం గెలిచారో చూడండి. అందరూ 1200 దగ్గరే ఆగిపోయి ఉంటే ఇది కూడా అక్కడే ఆగుతుందేమో. ఆడపిల్ల డెర్బీ గెలుస్తుందా అని మీ బావమరిది అన్నాడన్నారు. 1943లో మొదటిసారి జరిగిన ఇండియన్ డెర్బీ గెలిచిన ప్రిన్సెస్ బ్యూటిఫుల్ ఫిల్లీయే అని చెప్పండి.

మంచి ట్రైనర్ అయితే 1200 నుంచి 1400, తర్వాత 1600 అలా మెట్లెక్కిస్తాడు. మూడో పరుగుకే ఒక్కసారిగా 2000కి దూకిస్తే, ఓనర్ కలలు ట్రైనర్ తెలివిని తొక్కేశాయని నాకనిపిస్తుంది. నా అనుమానం తప్పయిన సందర్భాలూ ఉన్నాయి లెండి.

విశాఖలో రేస్‌కోర్సు లేదు. అందుకని బాధపడకండి, దూరంగా ఉండడం ఒక రకంగా మంచిదే. గుర్రం పక్కనే ఉంటే రోజుకో పుకారు వినాలి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. ప్రతి పరుగుకీ ఒక పేజీ: తేదీ, దూరం, మోసిన బరువు, జాకీ, ట్రాక్ తడిగా ఉందా పొడిగా ఉందా, వచ్చిన స్థానం, వెనక వచ్చిన రెండు గుర్రాల పేర్లు, కిందటి పరుగు నుంచి ఎన్ని రోజులు. బ్లింకర్స్ లాంటివి కొత్తగా కట్టారా అన్నది కూడా. బ్లింకర్స్ కట్టేది కళ్ళ పక్కన, ధ్యాస చెదరకుండా. ముక్కు మీద గొర్రె ఉన్ని పట్టీ కూడా కడతారు, రెంటినీ కొత్తవాళ్ళు కలిపేస్తుంటారు. ఏడాదికి రెండుసార్లు, పెద్ద రేసు ఉన్న వారం, సాయంత్రం గోదావరి ఎక్కితే పొద్దున్నే హైదరాబాద్. మలక్‌పేటకి మెట్రో ఉంది. అది చాలు.

పందెం గురించి మీరు అడగలేదు గానీ అడక్కుండానే చెప్తున్నా. గుర్రాన్ని వెంబడించడం వేరు, దాని మీద డబ్బు వెంబడించడం వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేసు పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. ఆ పన్ను కట్టి చాలాకాలం లాభంలో ఉన్న మామూలు మనిషిని నేను చూడలేదు. పన్ను తప్పించుకోవడానికని ఫోన్ల మీద, యాప్‌ల మీద పందెం తీసుకునేవాళ్ళు విశాఖలోనూ తగులుతారు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలని 2020లోనే నిషేధించారు. వాళ్ళ జోలికి పోతే డబ్బూ పోతుంది, పోలీస్ స్టేషనూ చూడాలి.

ఇక వాటా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అన్న సామెత రేసు ఓనర్ల కోసమే పుట్టిందని నా నమ్మకం. గెలిచినా ఓడినా, కుంటి మూలన నిలబడినా, నెల తిరిగేసరికి ట్రైనింగ్ ఫీజు, దాణా, నాడాలు, మందులు, నాలాంటి డాక్టరు బిల్లు కట్టాలి. పైగా ఇప్పుడు ఆరు లెంగ్త్‌ల మెరుపు ఇంకా తాజాగా ఉంది. ఏ గుర్రానికైనా ధర అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది దాని గురించి అన్నిటికన్నా తక్కువ తెలిసినప్పుడే. మీ బావమరిది మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఎవరైనా బాగా పరిగెత్తే పిల్లలో వాటా ఎందుకు అమ్ముతున్నారో అడగండి. ఖర్చు పంచుకోవడానికే కావచ్చు, అది తప్పేమీ కాదు. వేరే కారణమూ ఉండొచ్చు.

అయినా మనసు ఆగకపోతే, డబ్బు చేతులు మారకముందు మీ తరఫున వేరే డాక్టరుతో పరీక్ష చేయించండి. అమ్మేవాళ్ళ డాక్టరుతో కాదు. ముందు కాళ్ళ మోకాళ్ళకీ, గిట్ట పైన ఉండే ఫెట్‌లాక్ కీలుకీ ఎక్స్‌రే. కాలి వెనక టెండన్‌కి (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే గట్టి తాడులాంటిది) స్కాన్. టెండన్ ఒకసారి తెగితే నెలల తరబడి విశ్రాంతి, ఆ తర్వాత కూడా పాత వేగం వస్తుందన్న హామీ లేదు. గొంతులోకి ఎండోస్కోప్ వేసి చూడాలి, ఎడమవైపు స్వరపేటిక సరిగ్గా తెరుచుకోని గుర్రాలు పరిగెత్తేటప్పుడు ఈలలాంటి చప్పుడు చేస్తాయి, గాలి చాలక దూరాలకి ఆగిపోతాయి. వాటా కాగితం క్లబ్బులో నమోదవుతుందా, నోటిమాటేనా అన్నది కూడా తేల్చుకోండి. నోటిమాట వాటాల మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇల్లు నాకు తెలుసు. ఫిల్లీలో ఒక చిన్న ఊరట ఏమిటంటే, పరుగు ఆగిపోయినా మంచి వంశమైతే తల్లిగా దానికో విలువ మిగులుతుంది. కానీ ఆ లెక్కలు స్టడ్ ఫారం వాళ్ళవి, మీకూ నాకూ కాదు.

కాబట్టి ఇప్పటికి వాటాకి వద్దనండి, నోటుబుక్కు కొనండి. మూడో పరుగు అయ్యాక నాకు మళ్ళీ రాయండి. అది ఎన్నోదిగా వచ్చిందో కాదు, పుట్టిన తేదీ, రెండో పరుగుకీ మూడోదానికీ మధ్య ఎన్ని రోజులు, మొదటి రేసులో దాని వెనక వచ్చిన ఆ రెండు గుర్రాలు ఇప్పుడేం చేస్తున్నాయి, ఈ మూడు రాయండి చాలు. ఈలోగా బీచ్‌కి వెళ్తే కెరటం వెనక్కి పోయేదాకా ఆగి చూడండి, ఎండిన ఇసకలో ఏమీ కనపడదు.